ముప్పయ్యో బంతి తర్వాత

మా గదిలో వంటకు వంతులున్నాయి. ఈ వారం వంతు నెల్లూరు జబ్బార్‌ది. పొద్దున్నే వాడు బాణలిలో వేరుశనగ నూనె పోసి కాగబెట్టాడు. ఆ వాసన తగిలితే ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు మాత్రం తోలు గ్లవ్ గుర్తొస్తుంది. పళ్లు తోముకుంటున్నవాణ్ణి బ్రష్షు నోట్లో పెట్టుకునే ఆగిపోయాను. "ఏంది భాయ్, అట్ట నిలబడిపోయినావు? యల్లా, షిఫ్టుకు టైమైపోతా ఉంది" అని జబ్బార్ అదిలిస్తేగాని కదల్లేదు. మస్తాన్‌వలీ సార్ తన గ్లవ్‌కు ఆ నూనే పట్టించేవారు. తోలు పాడవుతుందని ఎవరెంత చెప్పినా వినేవారు కాదు. "మన అనంతపురం నూనె తాగిన తోలబ్బీ ఇది. నాకంటే ఎక్కువ దినాలు బతుకుతాది" అనేవారు.

ఆయన మా కంపెనీలో స్టోర్ కీపర్. నేను అక్కడే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి, ఇప్పటికీ అదే పని. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఫ్యాక్టరీ, దాని వెనకే మా క్యాంపు. ఆయనది గుంతకల్లు. యాభై దాటిన మనిషి, పొట్టి, కాస్త బొజ్జ కూడా ఉండేది. కుడిచేతి వేళ్లు చూస్తే మాత్రం కొత్తవాళ్లు జడుసుకునేవాళ్లు. ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన రాష్ట్ర బేస్‌బాల్ జట్టులో క్యాచర్. క్రికెట్‌లో బౌలర్‌కు కీపర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచ్చర్‌కు క్యాచర్ అలాగ. పిచ్చర్ బంతిని నేలకు తాకకుండా విసురుతాడు. క్యాచర్ బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని దాన్ని అందుకుంటాడు. అంతవరకు తెలిస్తే ఈ కథకు చాలు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు అంతకూడా తెలీదు.

కరోనా భయం తగ్గి, మళ్లీ రెండు షిఫ్టులు మొదలైన రోజులవి. స్టోర్ ఆ చివర పై అరమీద నిలబడ్డవాడికి ప్యాకింగ్ టేపు చుట్ట కావాల్సి వచ్చింది. నిచ్చెన దాకా నడిచే ఓపిక లేక కిందనుంచే విసిరాను. నేరుగా వాడి చేతిలో పడింది. వెనకనుంచి "ఎవర్రా అది!" అని కేక. మస్తాన్‌వలీ సార్ వచ్చి అందరి ముందూ నన్ను ఉతికి ఆరేశారు. వాడి తలకాయ పగిలితే నీ అబ్బ వచ్చి జవాబు చెప్తాడా అన్నారు. నేనసలే ముక్కుమీద కోపమున్నవాణ్ణి, పళ్లు బిగబట్టి నిలబడ్డాను. భోజనాల గంట కొట్టి అందరూ వెళ్లాక ఆయన స్టోర్ ఆ చివరికి నడిచి, వట్టి చేతులు రెండూ చాపి, "ఇప్పుడు నాకిసురు" అన్నారు. కసితీరా విసిరాను. చిలక్కొయ్య మీది చొక్కా తీసుకున్నంత తేలిగ్గా అందుకున్నారు. "ఇంగొకటి" అన్నారు. అలా పది చుట్టలు అయ్యాక దగ్గరికొచ్చి నా భుజం తడిమి చూశారు. "నువ్వు చేత్తో ఇసరడంలేదబ్బీ, నడుంతో ఇసురుతాండావు. ఇది ఒకరు నేర్పిస్తే వచ్చేది కాదు" అన్నారు. ఆ పూట నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత ఉబ్బిపోయాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున క్యాంపు వెనక ఇసుక మైదానంలో మా సాధన. ఆయన మొహానికి పాత క్రికెట్ హెల్మెట్, కాళ్లకు కీపర్ ప్యాడ్లు, ఎడమచేతికి ఆ నూనె గ్లవ్. అందరూ క్రికెట్ ఆడుతుంటే మేమిద్దరం ఒక మూల. నాదీ క్రికెట్ అలవాటే కాబట్టి కంగారుపడ్డప్పుడల్లా బంతిని నేలకు కొట్టేవాణ్ణి, బౌండరీ నుంచి వికెట్లకేసి విసిరినట్టు. ఆయన ఒళ్లంతా అడ్డం వేసి ఆపేవారు. ఛాతీకి తగిలినా "ఊఁ, ఇంగొకటి" అనడమేగాని అబ్బా అన్నది నేను వినలేదు. అన్నిటికన్నా వింత, బంతి గ్లవ్‌లో పడగానే నా వేళ్లు ఏం చేశాయో చెప్పేసేవారు. "చూపుడువేలు ముందే జారింది." "ఈసారి బొటనవేలు మడిచినావు." నాకు నమ్మకం కుదరక ఒకరోజు పరీక్ష పెట్టాను. బంతిని నా గ్లవ్ చాటున రకరకాలుగా పట్టుకుని, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి వరసగా పదకొండు బంతులు వేశాను. పదకొండుసార్లూ ఉన్నదున్నట్టు చెప్పారు. పన్నెండోదానికి లేచి నిలబడి, "పరీక్ష అయిందా అబ్బీ? మోకాళ్లు పీకుతాండాయి" అన్నారు. మనిషి అరచేతికి అంత తెలుస్తుందని నేను ఎక్కడా వినలేదు, చూడలేదు.

రెండేళ్లు అలా గడిచాక దుబాయ్‌లో ఒక కొత్త బేస్‌బాల్ లీగ్ పెడుతున్నారని తెలిసింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద లీగుల్లో ఆడినవాళ్లు వస్తున్నారు. ఇక్కడ పనిచేసుకునేవాళ్లలోంచి కూడా కొందరిని తీసుకుంటారట, సెలెక్షన్ పెడుతున్నారు. నాకు నిద్రపట్టలేదు. ఫోర్క్‌లిఫ్ట్ ఓబులేసు పెద్ద లీగ్‌లో ఆడతాడు! కదిరిలో ఉన్న నా భార్య రమాదేవికి ఫోన్ చేసి ఆ మాట పదిసార్లు చెప్పుకున్నాను. సార్‌ను అడిగితే, "పోదాంలే, చూద్దాం" అన్నారేగాని నువ్వు తయారయ్యావని మాత్రం అనలేదు.

క్యాచర్‌ను వెంట తెచ్చుకోవచ్చన్నారు గనక సార్ వచ్చారు. నెరిసిన గడ్డం అమెరికా కోచ్ ఒకాయన మమ్మల్ని చూశాడు. ఇరవై బంతులు వెయ్యమన్నాడు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. వేగం కొలిచే మిషను పట్టుకున్నవాడు ఈల వేశాడు. కోచ్ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో, ఎక్కడైనా నొప్పులున్నాయా అని అడిగాడు. "నో సర్, ఆల్ గుడ్" అన్నాను. ఆయన సార్ వైపు తిరిగాడు. అప్పటికే సార్ చేతులను కన్నార్పకుండా చూస్తున్నాడాయన. "రెండేళ్లుగా ఇతని బంతులు పట్టింది నువ్వే కదా, నువ్వు చెప్పు. ఇతను రెడీనా?" అన్నాడు.

సార్ హెల్మెట్ తీశారు. "నో సర్" అన్నారు. "థర్టీ బాల్ ఓకే. ఆఫ్టర్ థర్టీ, ఎల్బో పెయిన్. హీ నాట్ టెల్లింగ్. బాల్ టెల్లింగ్."

కోచ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా భుజం తట్టి, వచ్చే ఏడాది రమ్మని నా పేరు కొట్టేశాడు. ఖలాస్! తిరుగుబస్సులో నేను ఆయన పక్కన కూర్చోలేదు. క్యాంపు గేటు దగ్గర దిగగానే పట్టలేక అరిచేశాను. "ఒక్క మాట సార్! ఎస్ అంటే మీ సొమ్మేం పోయేది? మీకు దొరకనిది నాకు దొరుకుతాందని కడుపుమంటనా?" నలుగురు చూస్తున్నారు. ఆయన మొహంలో కోపం కనిపించలేదు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నొప్పి ఎన్ని దినాల నుంచి ఉండాది?" అన్నారు.

"నొప్పిలేదు గిప్పిలేదు, నేను బాగుండా."

గేటు పక్కన నిండు నీళ్ల క్యాన్లు వరసగా పెట్టి ఉన్నాయి. "ఒకటి తీసి భుజం మీదికి ఎత్తు" అన్నారు. కుడిచెయ్యి సగం దాకా లేచింది. మోచేతి లోపల కత్తితో పొడిచినట్టయి, క్యాన్ చేజారి కిందపడింది. చెప్పులు తడిసిపోయాయి.

ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. "ఈ దేశంలో మనమంతా ఒకటే మాట నేర్చుకున్నాం అబ్బీ. ఇంటికి ఫోన్ జేస్తే బాగుండా. పనికాడ మేనేజర్, ఆ ముదీర్ అడిగితే బాగుండా. జ్వరమొచ్చినా బాగుండా. నొప్పుందంటే ఇంటికి పంపిస్తారని భయం, ఇంట్లోవాళ్లు ఏడుస్తారని భయం. ఆ మాట ఎవరికైనా చెప్పుకో. నీ బంతి నా చేతిలో పడతాంది, నాకు చెప్పొద్దు" అన్నారు. మూడు నెలలుగా ముప్పయ్యో బంతి తర్వాత నా మోచెయ్యి వేలెడంత కిందికి దిగుతోందట. బంతి ఆయన అరచేతిలో కింది వైపుకు పడుతోందట. నేనే వచ్చి చెప్తానని ఎదురుచూశారట.

క్లినిక్‌లో స్కాన్ తీశారు. ఎముకలను పట్టి ఉంచే పట్టీ మోచేతి లోపల పీచుపీచుగా లేస్తోందన్నాడు డాక్టర్. ఈ చలికాలమంతా విసిరి ఉంటే పూర్తిగా తెగేదని, తెగితే స్టీరింగ్ తిప్పడం కూడా కష్టమయ్యేదని చెప్పాడు. నేను సార్ మొహం వంక చూడలేకపోయాను. మిషను పెట్టి చూస్తేగాని డాక్టరుకు తెలియనిది ఈయనకు తోలు గ్లవ్‌లోంచి తెలిసింది.

ఎనిమిది నెలలు బంతి ముట్టనివ్వలేదు. డాక్టర్ చెప్పిన కసరత్తులు దగ్గరుండి చేయించారు. రోజూ షిఫ్టు అయ్యాక ఒకటే ప్రశ్న, "ఎట్లుండాది?" బాగుంది అంటే ఒప్పుకునేవారు కాదు. "సలుపుతాందా, గుంజుతాందా? పోటా, తిమ్మిరా? యాడ మొదలై యాడికి పోతాంది?" అని పోలీసోళ్ల మాదిరి అడిగేవారు. మొదట్లో విసుగొచ్చేది. పోనుపోను నా చెయ్యి నాకే కొత్తగా తెలియసాగింది. పొద్దున గుంజేది, ఎండెక్కితే సర్దుకునేది, బరువెత్తిన రోజున మాత్రం రాత్రికి సలిపేది. మళ్లీ బంతి పట్టిన రోజు ఐదంటే ఐదే వేయించి, ఆరోదానికి ఆయనే లేచి వెళ్లిపోయారు.

మరుసటి ఏడు సెలెక్షన్‌లో అదే కోచ్. సార్‌ను చూడగానే నవ్వుతూ చెయ్యి కలిపాడు. ఈసారి యాభై వేయించాడు. అవి అయ్యాక నన్ను దాటుకుని నేరుగా సార్ దగ్గరికే వెళ్లి, "ఇప్పుడు రెడీనా?" అన్నాడు. సార్ హెల్మెట్ తియ్యలేదు. గ్లవ్‌తో నావైపు చూపించి, "ఆస్క్ హిమ్" అన్నారు.

కోచ్ నావైపు తిరిగాడు. ఏడాదిపాటు ఈ ఒక్క ప్రశ్న కోసం బతికాను. ఎస్ సర్ అనడానికి నోరు తెరిచాను కూడా. "నలభై దాకా నాది పూచీ సర్" అన్నాను, వచ్చిన ఇంగ్లీషులో. "నలభై తర్వాత లోపలివైపు గుంజుతుంది. చివరి పది బంతులూ నొప్పితోనే వేశాను. నలభై చాలనుకుంటే తీసుకోండి." కోచ్ కాగితం మీద నా పేరు, దాని పక్కన నలభై అని రాసుకున్నాడు. ఆట చివర్లో వచ్చి కాసిని బంతులు వేసి వెళ్లే పిచ్చర్లు కూడా కావాలట. అప్పుడు సార్ హెల్మెట్ తీశారు. మొహమంతా చెమట. "ఇప్పుడు రెడీ అబ్బీ" అన్నారు తెలుగులో, నాకొక్కడికే వినబడేలా.

ఆ సీజన్‌లో నాలుగు ఆటల్లో నా చేతికి బంతి ఇచ్చారు. పేరు మోసిన బ్యాటర్ ఒకడు నా బంతికి గాలిలో బ్యాటు ఊపి తిరిగి వెళ్లిపోయాడు, ఒకడు మాత్రం స్టాండ్స్‌లోకి కొట్టాడు. సార్ మెట్లమీద కుర్చీ వదిలేసి గొంతుక్కూర్చునే ఆటంతా చూశారు. ఆ వేసవిలోనే వీసా ముగిసి గుంతకల్లు వెళ్లిపోయారు. ఇప్పుడక్కడ ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతున్నారు.

ఆటలు సరే, వాటి వీడియోలు ఎవరి ఫోన్లోనైనా ఉంటాయి. నా దగ్గర మిగిలింది వేరొకటి. సెలెక్ట్ అయిన ఆ మధ్యాహ్నం రమాదేవికి వీడియో కాల్ చేశాను. సంగతి చెప్పాను, సంతోషించింది. చెయ్యెట్లుందని అలవాటుగా అడిగింది. బాగుందనబోయి ఆగాను. ఏడాదిన్నరగా నొప్పి ఉందని, స్కాన్ తీశారని, ఇప్పటికీ గుంజుతుందని అంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"తెలుసు" అంది. "నిరుడు ఉగాది కాడినుంచి నువ్వు ఎడమచేత్తో తల దువ్వుకుంటాండావు."

"మరి అడగలేదేమే?"

"అడిగితే బాగుండాదంటావు. నువ్వే చెప్తావని చూస్తాంటి" అంది.

ఆ రోజు మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తనకు థైరాయిడ్ ఉందని, రెండేళ్లుగా మాత్రలు వేసుకుంటోందని నాకు తెలిసింది అప్పుడే.