బావ దిద్దిన లారీ పత్రిక

మా అక్క మొగుడు లారీల మేస్త్రి. ముప్పై ఏళ్లుగా ఒకే షెడ్డు, ఒకే గుంట, కూర్చోవడానికి ఒకే ముక్కాలి పీట. గుంట అంటే బండి కింద నిలబడి పని చేసుకోవడానికి నేలలో తవ్విన పొడుగాటి గొయ్యి. ఆయన జీవితంలో సగం ఆ గోతిలో గడిచింది, మిగతా సగం మా అక్కతో గడిచింది. ఏది ఎక్కువ లోతో ఆయన్నే అడగాలి.

నేను లారీల గురించి రాసేవాణ్ని. ఇరవై రెండేళ్లుగా ఒక లారీల మాసపత్రికలో సబ్ ఎడిటర్‌ని. పేరుకు సబ్ ఎడిటర్‌ని గాని, ఎడిటరూ నేనే, ప్రూఫులు దిద్దేదీ నేనే, పాఠకుల ప్రశ్నల పేజీలో ప్రశ్నలు వేసే పాఠకుణ్నీ నేనే. నాకు స్టీరింగు పట్టడం రాదు. సైకిలు దిగేటప్పుడు కూడా పక్కనెవరైనా ఉంటే బాగుండుననిపిస్తుంది.

మొదట్లో కంపెనీలవాళ్లు పంపే కరపత్రాలు చూసి రాసేవాణ్ని. తరవాత ఇంటర్నెట్టు వచ్చింది. దాన్ని చూసి పత్రికలవాళ్లంతా గుండెలు బాదుకుంటుంటే నేను లోలోపల సంబరపడ్డాను. కాపీ కొట్టడానికి ఇంత మేత దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు మరి. ఇంటర్నెట్టు ఇవాళ చెప్పిన సంగతి మా పత్రిక వచ్చే నెల చెప్పేది, అదీ రంగుల అట్ట వేసుకుని. జనం తెలివైనవాళ్లు, వచ్చే నెల దాకా ఆగడం మానేశారు. పదకొండు వేల కాపీల పత్రిక ఆరువందల నలభైకి దిగింది. అందులోనూ కొన్ని గ్రీజు డబ్బాల కింద పరచడానికే పోతున్నాయని నా అనుమానం.

ఒకరోజు మా ఓనరు గదిలోకి పిలిచాడు.

"వచ్చే నెలతో అచ్చు ఆపేద్దామనుకుంటున్నానయ్యా. ఫోనులోనే పెట్టేద్దాం. అంతా బాగానే ఉంది గాని, ఫోనులో పెట్టడానికి నువ్వెందుకో నాకు అర్థం కావట్లేదు" అన్నాడు.

యాభై రెండేళ్ల వయసులో, లారీ తెలియని లారీ రచయితకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

"ఒక్క అవకాశమివ్వండి సార్. ఇంకా మన పుస్తకం కొనేవాళ్లు ఎందుకు కొంటున్నారో కనుక్కుని రాస్తాను. అది చదివి నిర్ణయించుకోండి."

"ఒక్కణ్ని చూపించు చాలు. ఈ రోజుల్లో కూడా ఈ పుస్తకం లేకపోతే నాకు గడవదు అనేవాడు ఒక్కడుంటే అచ్చు ఆపను."

చందాదారుల రిజిస్టరు తిరగేశాను. ఇరవై రెండేళ్లలో ఒక్క నెల కూడా మానని చందాదారు ఒకే ఒక్కడు తేలాడు. మా బావ.

నిజం చెబుతున్నాను, కళ్లు చెమర్చాయి. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా బావ మాత్రం ఈ పెరటిచెట్టునే నమ్ముకున్నాడన్నమాట. ఇన్నేళ్లలో నా రాతల గురించి ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. అయినా ఆయన మా అక్కతో మాట్లాడేదే రోజుకు నాలుగు మాటలు, అందులో రెండు "ఊఁ"లు. అభిమానం కడుపులో దాచుకునే మనిషి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వ్యాసం దారిలోనే సగం తయారైపోయింది. ఆయన నోటివెంట ఒక వాక్యం, చేతిలో పత్రికతో ఒక ఫొటో, అంతే కావలసింది.

షెడ్డు మీరు చూసే ఉంటారు, అన్ని ఊళ్ల షెడ్లూ ఒకలాగే ఉంటాయి. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, పాత టైర్ల మీద కూర్చుని బండి కోసం ఎదురుచూసే డ్రైవర్లు. ఒక గోడకు మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇనుప తీగ కట్టి ఉంది. ఆ తీగకు, మూల కన్నం పొడిచి, మా పత్రికలన్నీ వేలాడుతున్నాయి. బ్రేకులవి ఒక చోట, క్లచ్చులవి ఒక చోట. ప్రతి అట్ట మీదా నల్లటి వేలిముద్రలు. ఇద్దరు డ్రైవర్లు నిలబడి ఒక సంచికను చదువుతున్నారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"బావా, మా పత్రిక నువ్వెందుకు కొంటావు?" అని గుంట అంచున చతికిలబడి అడిగాను.

ఆయన గుంటలోంచి తల ఎత్తాడు. "ఇప్పుడదెందుకోయ్?"

"రాయాలి."

"మా ఆవిడ తమ్ముడివి గదా, అందుకని రాసుకో." తల మళ్లీ బండి కిందికి పోయింది.

పక్కనున్న వెల్డరు ముఖానికున్న కవచం పైకి తోసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ పుస్తకం రాసేది మీరా సార్? మేమంతా అది మేస్త్రిగారి పుస్తకమే అనుకుంటున్నాం."

నాకేదో తేడాగా అనిపించి తీగ మీంచి ఒక సంచిక తీశాను. నేను రాసిన వ్యాసమే. చక్రాల నట్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా బిగించాలని రాశాను. దాని మీద అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత. పక్కన ఖాళీలో వంకరటింకర అక్షరాలు: "తప్పు. ఎదురెదురుగా బిగించాలి. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది." ఇంకో సంచిక తీశాను. గాలి బ్రేకుల ట్యాంకులో చేరిన నీళ్లు వారానికోసారి తీస్తే చాలన్నాను. "రోజూ తియ్యాలి. రాసినవాడు ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు." మూడోది రేడియేటరు గురించి. ఇంజను వేడిమీద ఉండగానే మూత తియ్యమని రాశానట. అక్కడ ఎక్కువేమీ లేదు. నా పేరు చుట్టూ గుండ్రంగా గీత గీసి, "పాపం, వీడికి తెలియదు" అని ఉంది.

ఎన్ని తీసినా అదే తంతు. కొన్ని చోట్ల దిద్దుబాటు లేదు, "చూడాలి" అని ఉంది. అంటే బండి మీద చేసి చూసేదాకా తప్పనీ అనడు, ఒప్పనీ అనడు. పదకొండేళ్ల కింద "చూడాలి" అని వదిలేసినదానికి మొన్ననే జవాబు రాశాడు, బండి నంబరుతో సహా. చదివింది అయిదో తరగతి. మసి అంటిన కాగితం మీద పెన్ను జారుతుందని వడ్రంగి వాడే ఎర్ర పెన్సిలు చెవిమీద పెట్టుకుంటాడు. అభిమాన పాఠకుడనుకున్నవాడు ఇరవై రెండేళ్లుగా నా పరీక్షపేపర్లు దిద్దుతున్నాడు, నేను ఒక్కసారి కూడా పాసవలేదు.

ఒళ్లు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అరిచాను. "ఇన్ని తప్పులుంటే ఎందుకు కొన్నావు? అందరిలాగా ఫోను చూసుకోవచ్చుగా!"

ఆయన తాపీగా గుంటలోంచి పైకొచ్చి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఫోనులో ఒకడు బోల్టు చూపించే ముందు పావుగంట తన గురించి చెప్తాడు. సరే, విన్నాను. వాడు చెప్పింది తప్పు. ఎక్కడ దిద్దను? అద్దం మీద గియ్యనా? రేపు చూస్తే ఆ మాట ఉండదు, ఇంకో తప్పు ఉంటుంది. నీ పుస్తకం అలా కాదోయ్. అందులో తప్పు ఎక్కడికీ పోదు. పెట్టినచోటే కూర్చుని ఉంటుంది."

"అయితే ఒక తెల్లకాగితాల పుస్తకం కొనుక్కుని నీకు తెలిసిందంతా రాసుకో. నా తప్పులెందుకు?"

"కొన్నాను. ఒక్క ముక్క రాలేదు. తెల్లకాగితం చూస్తే నాకేం తెలుసో నాకే గుర్తు రాదు. ఎవడో ఒకడు తప్పు చెప్తేనే నాకు నోరు లేస్తుంది."

సాయంత్రం అక్క ముందు లబలబలాడాను. ఆమె తల దువ్వుకుంటూ అంతా విని, "నీకెందుకురా అంత ఉక్రోషం? ఈయన ఇంట్లో పైకి నవ్వేది నెలకొక్కసారి. నీ పుస్తకం వచ్చిన రోజు" అంది.

మింగలేక, కక్కలేక ఇంటికొచ్చి వ్యాసం రాశాను. నిజం రాస్తే ఉద్యోగం పోతుంది, అందుకని అబద్ధమే రాశాను. "ఈ పత్రికే నా గురువు" అని మా బావ కళ్లనీళ్లతో అన్నాడని రాశాను. ఓనరుకిచ్చాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ పిలిచాడు. ఆయన చేతిలో నా వ్యాసం లేదు, ఫోను ఉంది.

"ఈ పేజీ మనదేనా?"

మనదే. రేడియేటరు పేజీ. షెడ్డుకొచ్చే డ్రైవర్లు బావ దిద్దిన పేజీల్ని ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకుంటున్నారట. అలా ఊళ్లు దాటి ఓనరు బావమరిది ఫోనుకు చేరింది. నా పేరూ, దాని చుట్టూ గీతా, ఆ "పాపం"తో సహా.

నా పని అయిపోయిందనుకున్నాను. ఓనరు వ్యాపారస్థుడు, ఆయనకు సిగ్గూశరం లాంటి ఖర్చులు లేవు. "ఈ ఎర్రరాత రాసినవాడెవడో పట్టుకో. వచ్చే నెల నుంచి నువ్వు రాసింది ఎడమవైపు, ఆయన దిద్దింది కుడివైపు. అచ్చు ఆగదు" అన్నాడు.

అలా నేను జీతం తీసుకుని తప్పులు రాసే మనిషినయ్యాను. అంతకు ముందూ అదే చేశాను, ఇప్పుడు అధికారికంగా చేస్తున్నాను. ప్రతి నెలా నా చేతిరాత కాగితాలు బావ ఇంటికి తీసుకెళ్లడం, ఆయన అరుగు మీద కూర్చుని దిద్దడం, కాపీలు తొమ్మిదివందలకు పాకడం. ఒకరోజు పొద్దున టీ బంకు దగ్గర ఒక డ్రైవరు నన్ను చూసి, "ఎడమవైపు ఆయన వీడేరా" అని పక్కవాడికి చూపించాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

పౌరుషం పొడుచుకొచ్చింది. నాలుగు రోజులు సెలవు పెట్టి, బావకు తెలియకుండా ఊరికి అవతలి వైపున్న ఇంకో షెడ్డుకు పోయాను. అక్కడి మేస్త్రి కాళ్లావేళ్లా పడి గుంటలోకి దిగాను. ఇరుసును బండికి పట్టి ఉంచే స్ప్రింగు కట్టలు విప్పడం దగ్గర్నుంచి, బండి బరువు మొత్తం వాటి మీద పడ్డాకే బోల్టులు ఆఖరిసారి బిగించడం దాకా దగ్గరుండి చూశాను, నేనూ చెయ్యి వేశాను, రెండు వేళ్లు చితక్కొట్టుకున్నాను. జన్మలో మొదటిసారి తెలిసి రాశాను.

బావ ఆ కాగితాలు ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి వేలుపెట్టి చదివాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే."

"బాగుంది. తప్పేం లేదు."

ఇరవై రెండేళ్ల తరవాత ఆ మాట విన్నాను. ఎగిరి గంతేద్దామనిపించింది. కాని ఆయన ముఖం చూశాను. పెన్సిలు పట్టుకున్న చెయ్యి కాగితం మీద ఊరికే ఆగిపోయి ఉంది. వెనకవైపు ఏమన్నా ఉందేమోనని తిప్పి చూశాడు. ఏమీ లేదు. లోపల్నుంచి మా అక్క నావైపు చూసిన చూపుకు ఇంకొకడైతే బూడిదయ్యేవాడు.

"నేర్చుకున్నావు. ఇక నాతో పనేముందోయ్ నీకు" అన్నాడు బావ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అన్నాడు. పెన్సిలు కిటికీలో పెట్టి లేవబోయాడు.

నాకు చెప్పలేనంత బాధ వేసింది. ఉద్యోగం సంగతి, అచ్చు సంగతి ఆ నిమిషాన నిజంగా గుర్తుకు రాలేదు.

"ఉండు బావా, ఆఖరి కాగితం సైకిలు సంచిలో ఉండిపోయింది" అని పక్క సందులోకి పోయి, ఒక తెల్లకాగితం గోడకు ఆనించి నాలుగు ముక్కలు గీకి తెచ్చాను. 'ఈ బోల్టులు ఒకసారి గట్టిగా బిగించాక బండి ఉన్నన్నాళ్లూ వాటి జోలికి పోనక్కర్లేదు.'

ఆయన చదివాడు. కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు.

"ఇది కావాలని రాశావా?"

"లేదు బావా. నాకు తెలిసిందదే."

మారు మాట లేకుండా నమ్మేశాడు. నా తెలివితక్కువతనం మీద ఆయనకున్న నమ్మకం అంత గట్టిది.

"వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించకపోతే ఇరుసు పక్కకి జరుగుతుందోయ్! ఇన్నేళ్లూ ఏం చేశావు నువ్వు?" అంటూ పెన్సిలు అందుకున్నాడు. "అలా జరిగిన బండి సంగతి ఒకటుంది, కూర్చో. ఏమే, వీడికి టీ పెట్టు."

నేను కూర్చున్నాను. ఆయన ఆ వాక్యం మీద రెండుసార్లు గీత కొట్టి, పక్కనున్న ఖాళీ చాలక కాగితాన్ని అడ్డంగా తిప్పుకున్నాడు.