కిటికీ తిడుతోంది

మా అమ్మ జంషెడ్‌పూర్ కాపురానికొచ్చి నలభై ఏళ్లు దాటింది. ఆవిడ హిందీ మాత్రం ఇంకా శ్రీకాకుళంలోనే బస్సు కోసం నిలబడి ఉంది. కూరగాయలవాడితో, పాలవాడితో, ఆటోవాడితో అదే హిందీ. విచిత్రమేమంటే వాళ్లందరికీ అర్థమవుతుంది. అర్థం కానిది ఒక్కసారే, మాంగో అనే పేటలో కారు మెకానిక్ దగ్గర. ఆ సంగతి చెప్పాలంటే ముందు నాన్న గొంతు సంగతి చెప్పాలి.

నాన్న మా ఊరి టాటానగర్ స్టేషన్‌లో బండ్లు పరీక్ష చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బండి ఆగగానే సుత్తితో చక్రాలు టంగుటంగున కొట్టి చూసుకుంటూ, బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడ లీకవుతోందో చెవి ఒగ్గి వింటూ పెట్టె పెట్టెకీ నడిచేవాడు. యార్డు ఈ కొసనుంచి ఆ కొసకి వినపడేలా అరిచి అరిచి తయారైన గొంతు ఆయనది. డ్యూటీ దిగి వస్తే మా బర్మామైన్స్ సందు మొదట్లోనే, సైకిలు మీద ఉండగానే కేకేసేవాడు.

"ఒలే, ఉన్నావా?"

వంటింట్లోంచి అమ్మ జవాబు: "ఉన్నాను మావా, ఎక్కడికి పోతాను!"

వాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోగా నేనెప్పుడూ వినలేదు. వాళ్ల పిలుపు ఇదే. సందులో ఆడవాళ్లు నాన్న కేక విని ఎసట్లో బియ్యం వేసేవారంటే నమ్మండి.

పోయినేడు ఆయనకి ఒక జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది కానీ గొంతుని కూడా పట్టుకుపోయింది. రాంచీలో డాక్టరు లోపలికి చూసి, గొంతులో రెండు రెక్కల తలుపు ఉంటుందని, అందులో ఒక రెక్క పడిపోయి మూసుకోవడం లేదని, ఆ సందులోంచి గాలి వృథాగా పోతోందని చెప్పాడు. "మాట్లాడుతూనే ఉండాలి, మానేస్తే బాగున్న రెక్క కూడా బద్ధకిస్తుంది. ఆ పైన చూద్దాం," అన్నాడు. నెలకోసారి రమ్మన్నాడు.

మాట్లాడుతూ ఉండాలి సరే. వినేదెవరు? మా ఇంటి వెనకే రైలు పట్టాలు. అమ్మ చెవులు కూడా ఇదివరకటంత చురుగ్గా లేవు. నాన్న ఏదో అంటాడు. అది మాట కాదు, ఊపిరి. అమ్మ "ఆఁ? ఏటి?" అంటుంది. మళ్లీ అంటాడు. మళ్లీ "ఏటి?" అంటుంది. మూడోసారికి చెయ్యి విసిరేసి గోడవైపు తిరిగి కూచుంటాడు. చివరికి అమ్మని పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టడం మొదలెట్టాడు. టంగు, టంగు.

"నానేటి బండి సక్రాన్నా, అలగ కొట్టి సూత్తన్నావు?" అని అమ్మ విసుక్కునేది. విసుక్కుని వెళ్లి మంచినీళ్లిచ్చేది. తర్వాత వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. ఒకరోజు నేను చూసేశాను. "గ్లాసు కొడితే ఎల్తన్నాను గుంటా. అయితే నన్ను పిలిసినట్టు నేదు. ఒక్కసారి ఒలే అని పిలిత్తే సాలు. ఇంకేటీ వద్దు," అంది.

నేనేం చెయ్యను? డాక్టర్ని కాను. నాకున్నదల్లా ఒక పాత కారు. ఆ కారు మీద ఆశ పెట్టుకున్నాను. రాంచీ ప్రయాణంలో తలుపులు మూసి, అద్దాలెత్తేస్తే లోపల రైలు కూత ఉండదు, కుక్కరు ఈల ఉండదు, పక్కింటి టీవీ ఉండదు. ముగ్గురం, ఒక చిన్న గది. అందులోనైనా ఆయన మాట ఆవిడ చెవిన పడకపోతుందా అనుకున్నాను.

పడలేదు. మాంగో వంతెన దాటి పెద్దరోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే నాన్న పక్క కిటికీ దగ్గర "సుయ్‌య్..." అని మొదలయ్యేది. వేగం పెరిగినకొద్దీ అది పెరిగేది. తగ్గిద్దామంటే వెనక లారీలు హారన్లతో నా ఏడు తరాలనీ దీవించేవి. ఓరగా చూస్తే నాన్న పెదాలు కదులుతూ ఉండేవి. ఏమంటున్నాడో? గాలి గొంతును గాలి మింగేసేది. వెనక సీట్లోంచి అమ్మ "ఏటంతన్నాడే?" అని నన్నడిగేది. నాకు మాత్రం వినపడి ఏడిస్తేనా! కారునీ, రోడ్డునీ, ఆ జ్వరాన్నీ కలిపి తిట్టుకుంటూ నడిపేదాన్ని. నాకసలే నోరు పెద్దది, ఆ గొంతు నాన్న దగ్గర్నుంచే వచ్చింది.

చివరికి మాంగోలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. వాళ్లిద్దరినీ వెంటబెట్టుకునే వెళ్లాను, ఇంట్లో ఉండమంటే ఉంటారా! మెకానిక్ నిలబడి ఉన్న కారుకి చెవి ఆనించి ఏ శబ్దమూ లేదన్నాడు. నిలబడిన కారుకి ఎందుకుంటుందయ్యా అన్నాను. పాత బండికి ఆమాత్రం మామూలే దీదీ అన్నాడు. ఆ మామూలన్న మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది. గొంతు లేచింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు కూడా.

"నువ్వూరుకో. మెల్లగా సెప్తే ఇంటాడు," అని అమ్మ నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చింది. కొంగు సర్దుకుని, ఆప్యాయంగా చెప్పింది:

"బేటా, ఇస్ ఖిడ్‌కీ సే గాలీ ఆతా హై."

కిటికీలోంచి గాలి వస్తోందని ఆవిడ చెప్పడం. మనకి గాలి అంటే వీచే గాలి. వాళ్లకి అది హవా. వాళ్ల భాషలో గాలీ అంటే తిట్టు, అదీ బూతు తిట్టు. మెకానిక్ నిటారుగా నిలబడ్డాడు.

"గాలీ? కౌన్ దేతా హై, మాతాజీ?" తిట్టేదెవరమ్మా అని అడుగుతున్నాడు పాపం.

"ఖిడ్‌కీ దేతా హై బేటా. ధీరే జాయేగా తో నహీఁ దేతా. జోర్ సే జాయేగా తో బహుత్ గాలీ దేతా హై. హమారా ఆద్మీ కో."

అంటే మెల్లగా పోతే కిటికీ తిట్టదట, జోరుగా పోతే మాత్రం మా ఆయన్ని తెగ తిడుతుందట. మెకానిక్ కిటికీ వైపు చూశాడు. కారులో కూచున్న నాన్న వైపు చూశాడు. ఆఖరికి నావైపు చూశాడు. అప్పటిదాకా వీధి అదిరేలా అరిచింది నేనే కదా, ఆ తిట్లెవరివో అతనికి తెలిసిపోయింది. చాలా మర్యాదగా, "దీదీ, పెద్దాయన. వయసుకైనా విలువివ్వాలి కదా," అని హిందీలో నాకు బుద్ధి చెప్పాడు.

నేను నోరు తెరిచేలోపే కారు ఊగడం మొదలెట్టింది. చూస్తే నాన్న. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి నవ్వుతున్నాడు. శబ్దం లేదు, భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. జ్వరం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, ఎక్కడో లోపల్నుంచి "హుక్" అని ఒక చిన్న శబ్దం వచ్చింది. అది నిజం గొంతు. అమ్మ మెకానిక్‌ని వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

నాన్న కళ్లు తుడుచుకుని దిగాడు. యార్డులో చేసినట్టు చెయ్యి అడ్డంగా చాపి అందరినీ ఆగమని సైగ చేశాడు. నన్ను దగ్గరికి పిలిచి చెవిలో ఊదాడు: "అంత బండికి గాలి లీకైతే అంతా ఒక్కపాలి ఎతుకుతామేటి? సగం మూసీసి సూడాల. మిగిలిన దాన్లో మళ్లీ సగం. టేపియ్యమను."

రంగు వేసేటప్పుడు అంటించే కాగితం టేపు మెకానిక్ దగ్గర ఉంది. గాలీ అంటే మా భాషలో హవా అని నేను చెప్పగానే అతనూ నవ్వి, సిగ్గుపడి, మాతోపాటు కూచున్నాడు. కిటికీ చుట్టూ, తలుపు అంచులన్నీ టేపు అంటించి నాన్నతో, అమ్మతో సహా మళ్లీ పెద్దరోడ్డెక్కాం. సడి లేదు! అయితే గాలి దూరేది ఈ తలుపులోనే. ఇంక ఎక్కడన్నదే తేలాలి. వెనకొచ్చే బండ్లు చూసుకునే చిన్న అద్దం దగ్గరే అని నాన్న ఖాయంగా వేలు చూపించాడు. అక్కడి టేపు పీకి మళ్లీ వెళ్లాం. సడి లేదు. నాన్న తల గోక్కున్నాడు.

"సర్వీసంతా గాలి ఎతికినోడివి, అద్దం దగ్గరే తప్పిపోనావా మావా?" అని అమ్మ వెనకనుంచి దెప్పింది.

ఆ టేపు ముక్క పీకి, ఈ ముక్క పీకి, వంతెన దగ్గర తిరిగి తిరిగి చివరికి పట్టుకున్నాం. తలుపు పైఅంచు, వెనక మూల. అక్కడి ముక్క తియ్యగానే "సుయ్‌య్" మని పాత తిట్లన్నీ మళ్లీ మొదలయ్యాయి. గరాజుకి వచ్చాక నాన్న న్యూస్‌పేపరు పీలికలుగా చింపాడు. ఒక్కో పీలికనీ తలుపు అంచున పెట్టి, తలుపు వేసి, లాగి చూశాడు. అన్నిచోట్లా రబ్బరు గట్టిగా పట్టుకుంది, కాగితం చిరిగిందే కానీ రాలేదు. ఆ మూల దగ్గర మాత్రం వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. వేలితో నొక్కి చూస్తే అక్కడి రబ్బరు అణిగిపోయి చచ్చుపడి ఉంది.

"ఇక్కడే ఎందుకు పోయింది?" అన్నాడు మెకానిక్ హిందీలో.

అమ్మ తొంగి చూసింది. తనూ వేలు పెట్టి ఆ మూల తడిమింది.

"అది నాను తువ్వాల ఎట్టే సోటు," అంది.

ఎండాకాలమంతా నాన్న మీద ఎండ పడకుండా, తువ్వాలు తడిపి పిండి, దాని కొస తలుపు పైన ఇరికించి తలుపు వేసేది. ప్రతి ప్రయాణానికీ. మందపాటి తువ్వాలు. ఆ మడత కింద రబ్బరు నలిగి నలిగి ఇంక లేవలేదు.

"ఓలమ్మ! నానే సేసేనా?" అమ్మ నెత్తి కొట్టుకుంది. "మాట ఇనపణ్ణేదని ఏడిసి సచ్చేను. నా సేత్తో నానే అడ్డమెట్టుకున్నానా?"

నాన్న ఆవిడ వైపు వంగి ఏదో అన్నాడు. రోడ్డు మీద బస్సు పోతోంది, ఆవిడకి వినపడలేదు. "ఏటి?" అని నావైపు చూసింది.

"నాకెండ తగల్నేదు కదా, అంటున్నాడమ్మా," అన్నాను. 

బాగుచెయ్యడం ఎంతోసేపు పట్టలేదు. ఆ రబ్బరు లోపల బోలుగా ఉంటుంది. మెకానిక్ దాన్ని కొంతమేర ఊడదీసి, అణిగిన చోట లోపలికి ఒక సన్నటి రబ్బరు గొట్టం దూర్చి మళ్లీ అతికించాడు. చచ్చిన రబ్బరు ఉబ్బి లేచింది. నాన్న కాగితం పెట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు, చిరిగింది. ఆ చిరుగుముక్కని పైకెత్తి అమ్మకి చూపించాడు.

ఆ నెల రాంచీ వెళ్లేటప్పుడు తువ్వాలు అమ్మ ఒళ్లోనే ఉంది. ఎండ ఆపడానికి కిటికీకి నల్ల జాలీ ఒకటి అంటించాను. మాంగో వంతెన దాటాం, పెద్దరోడ్డెక్కాం, వేగం అందుకున్నాం. కిటికీ నోరెత్తలేదు. టైర్ల కింద రోడ్డు చప్పుడు తప్ప లోపల ఏమీ లేదు. నాన్న పెదాలు కదిలాయి. ఇన్ని నెలలుగా నాకు అందకుండా పోయిన మాట, గుండెల్లోంచి వచ్చే మాట ఏదో అయ్యుంటుందని ఊపిరి బిగబట్టాను.

"గేరు మార్సు గుంటా," అన్నాడు. "ఇంజిను ఏడుత్తంది."

ఇన్నాళ్లూ ఆయన చెబుతున్నది ఇదా! పక్కున నవ్వాను. తిట్టుకుంటూనే గేరు మార్చాను. మార్చిన తీరు నచ్చినట్టుంది, సీట్లో వెనక్కి వాలాడు. కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. తల తిప్పకుండా, ఎదర రోడ్డునే చూస్తూ అన్నాడు.

"ఒలే..." మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. "ఉన్నావా?"

అమ్మకి వినపడలేదేమో అనుకున్నాను. చెబుదామని నోరు తెరిచేలోపు ముందు సీటు మీదకి అమ్మ చెయ్యి వచ్చి నాన్న భుజం పట్టుకుంది.

"ఉన్నాను మావా," అంది. "ఎక్కడికి పోతాను."

దారిలో చాండిల్ ఊరు దాటేదాకా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. పిలిచిన ప్రతిసారీ ఆవిడ ఉన్నానంటూనే ఉంది.