ఫలితం రాకముందే వెళ్లిపోయిన సూదిమందు

టెనెసీలోని ఓ చిన్న ఊళ్లో వెర్నా స్ట్రౌడ్ ఫార్మసిస్టు. కంపెనీల మందు దొరకనప్పుడు, డాక్టర్లు చెప్పిన పాళ్లలో మందు కలిపిచ్చే దుకాణంలో పని. నడుంనొప్పికి వెన్నులో వేసే సూదిమందు కలిపే గది ఆవిడ చేతిలో ఉండేది. లోపల ఎవరైనా ముక్కు గోక్కున్నారో, బయటికి పంపి మోచేతుల దాకా మళ్లీ కడిగించేది. వెనకాల "పోలీసమ్మ" అనుకునేవాళ్లు. వినీ విననట్టు ఊరుకునేది.

ఆ వేసవిలో ఏసీ మొరాయించి గోడలకి చెమ్మ పట్టింది. గది శుభ్రత చూడ్డానికి తీసిన నమూనాల్లో నల్లటి బూజు మొలిచింది. వెర్నా బూజు పట్టిన ఆ నమూనా పళ్లేన్ని తీసుకెళ్లి యజమాని క్లేటన్ బెక్స్ ముందు పెట్టింది.

"గది మూసేద్దాం. ఈ వారం కలిపిన మందు, ల్యాబ్ ఫలితం వచ్చేదాకా పంపొద్దు."

"గోడ మీది బూజు సీసాలోకి నడిచొస్తుందా ఏంటి?"

"నడవక్కర్లేదు, గాలి చాలు. వెన్నులోకెళ్లే మందు క్లేటన్, కడుపులోకి వెళ్లి అరిగిపోయేది కాదు."

"అయితే నొప్పితో మెలికలు తిరిగే ముసలాళ్లకి నువ్వే చెప్పు, ఆగమని."

మర్నాడు ఆవిడ వచ్చేసరికి మందు పెట్టెలు క్లినిక్‌లకి వెళ్లిపోయాయి.

మందుల దుకాణాల్ని తనిఖీ చేసే రాష్ట్ర ఆఫీసుకి ఫోన్ చేస్తే, "అంత ఎక్కువ మందు కలిపితే అది ఫ్యాక్టరీ తయారీ కిందకొస్తుందండీ, కేంద్రాన్ని అడగండి" అన్నారు. కేంద్రం వాళ్లేమో, "ఫార్మసీ కదా, రాష్ట్రమే చూడాలి" అన్నారు.

"అయితే ఎవరి పరిధిలోకొస్తుందో ఆ బూజునే అడుగుతా!" అని వెర్నా ఫోన్ విసిరికొట్టింది.

ఇక క్లినిక్‌లకి తనే చెప్పుకుంటూ పోయింది. కొందరు ఆపారు. ఒక నర్సు మాత్రం, "అయ్యో, పొద్దున్నే ఒకాయనకి వేసేశామండీ" అంది. ఆయన చర్చి పాటల బృందంలో వెర్నా పక్కన నిలబడే ఓడెల్ ప్రూయిట్.

తిన్నగా ఆయనింటికే వెళ్లింది. ఆయన వరండాలో మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

"ఓడెల్, తలనొప్పొచ్చినా, మెడ పట్టేసినా ఆసుపత్రికి పరిగెత్తు. ఈ సూది సంగతి డాక్టరుకి చెప్పు. మందులో బూజు ఉండొచ్చు."

"నడుం ఇన్నాళ్లకి నా మాట వింటోంది తల్లీ, చెడగొట్టకు" అని నవ్వాడు. ఆయన భార్య ఐమా మాత్రం నవ్వలేదు.

రెండు వారాలు తిరక్కుండానే ఓడెల్ మెడ బిగుసుకుపోయింది. ఐమా ఆసుపత్రిలో మొదటి మాటగా బూజు గురించే చెప్పింది. దాంతో సరైన మందు వెంటనే పడింది. ప్రాణం దక్కింది గానీ ఒక చెవికి వినికిడి పోయింది. శ్రుతి అందక పాట మానేశాడు. ల్యాబ్ ఫలితం కూడా ఆ వారమే వచ్చింది, సీసాల్లో అదే బూజు ఉందని. అప్పుడు గానీ అధికారులు కదల్లేదు. దుకాణానికి తాళం పడింది. క్లినిక్‌లకి చెప్పినందుకు అంతకుముందే క్లేటన్ వెర్నాని ఉద్యోగంలోంచి తీసేశాడు.

ఒకరోజు వెర్నా పలకరించడానికి వెళితే ఓడెల్ మొహం తిప్పుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదే. ఆ పెట్టెల మీద కూర్చుని అయినా ఆపాల్సింది."

ఐమా అడ్డం రాబోయింది. "వద్దులే, అననీ" అంది వెర్నా.