నేను తోమేసిన ముప్పై నాలుగు వాసాలు

నిన్న యలమంచిలిలో ఒక పాత ఇంటి పని చూడడానికి వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే టేకు పొడి వాసన ముక్కుకు తగిలింది. కొత్త టేకు వాసన కాదు, ఏళ్ళ తరబడి పొగ పీల్చిన కర్రను గీకితే వచ్చే వాసన. కాస్త మిరియాల ఘాటు, కాస్త పాత తోలు. లోపల ఒకాయన మెషీను పట్టుకుని చెక్కను నున్నగా రుద్దుతున్నాడు. "ఆపండి, ఆపండి!" అని అరుచుకుంటూ పరిగెత్తాను. తీరా చూస్తే అది ఉత్త తలుపు చెక్క. దాన్ని ఎంత రుద్దినా కొంప మునిగేదేమీ లేదు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన మాత్రం ఈ మేడమ్ గారికి పిచ్చి పట్టిందనుకునే ఉంటాడు. ఎందుకు అరిచానో ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతాను.

నర్సీపట్నంలో సింహాద్రాచారి గారు తెలియని మనుషులు ఉంటారేమో గానీ, ఆయనకు తెలియని పాత ఇల్లు లేదు. పొట్టి మనిషి. చెవిమీద పెన్సిలు, భుజం మీద తువ్వాలు. కొత్త మంచాలు, బీరువాలు చెయ్యమంటే "అవి కొట్లో దొరుకుతాయి గదా" అని తప్పించుకునేవారు. వందేళ్ళు దాటిన ఇళ్ళు బాగుచెయ్యడం ఒక్కటే ఆయన పని. పని చేస్తున్నంతసేపూ ఆ ఇల్లు కట్టిన వడ్రంగితో పోట్లాడుతూనే ఉండేవారు. ఆ వడ్రంగి పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. "ఈడెవడో గానీ మహా తొందర మనిషమ్మా. ఇదిగో, ఇక్కడ సూడు. బేగి ఇంటికెల్లిపోదారని సేసీసినాడు" అని తిట్టి, మరుక్షణం ఇంకో మూలకు వెళ్ళి, "దొంగసచ్చినోడు, ఇక్కడ ఎంత బాగా కుదిర్చినాడో!" అని మురిసిపోయేవారు.

ఆయన్ని నేను కలిసింది నా మొదటి ఉద్యోగంలో. ఇంజినీరింగ్ పూర్తి చేసి ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. ఇల్లు నర్సీపట్నంలోనే, సత్యవతి టీచరు గారిది. రిటైరయ్యాక ఆమె ఆ పెంకుటింటిని ఆడపిల్లల హాస్టలుగా మార్చాలనుకున్నారు. కొయ్యూరు కొండల మీది ఊళ్ళ నుంచి పదకొండు మంది పిల్లలు ఊళ్ళోని కాలేజీలో చేరబోతున్నారు, వాళ్ళకోసం. పైకప్పు పీకేసి రేకులు వేసేద్దామని మా కాంట్రాక్టరు. రేకుల కింద పిల్లలు ఉడికిపోతారని టీచరు గారు. చివరికి కాలేజీ తెరిచేలోగా పాత కప్పు బాగైతే సరి, లేకపోతే రేకులే అని ఒప్పందానికొచ్చారు.

ఆచారి గారు వాసాలన్నీ విప్పించి పెరట్లో పేర్పించారు. ముప్పై నాలుగు. పుచ్చిన నాలుగింటికీ చూరు వైపు చివర్లు కోసి కొత్త కర్ర అతికారు. తర్వాత మనవరాలి పెళ్ళని మూడు రోజులు రావికమతం వెళ్ళారు. ఆ వాసాలు మసిపట్టి పెనం అడుగులా ఉన్నాయి. ఆయన వచ్చేసరికి తళతళలాడించి మెప్పు పొందాలని నాకు బుద్ధి పుట్టింది. ఇద్దరు కూలీలను పెట్టి, మెషీనుతో అన్నింటినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్దించేశాను. ఆ మసి కింద, ప్రతి వాసానికీ దూలంలో దిగే చివర ఉలితో గీసిన సన్నని గుర్తులున్నాయని నాకు తెలియదు. ఏ వాసం దూలంలోని ఏ బెజ్జానిదో చెప్పే గుర్తులవి. ఒక బెజ్జానిది ఇంకొకదానికి సరిపోదు. అన్నీ చేత్తో చెక్కినవి, వెంట్రుక వాసి తేడా వచ్చినా వదులైపోతుంది, లేదా చీలిపోతుంది. ఆ గుర్తుల జోలికి పోవద్దని ఒకరికి చెప్పాల్సి వస్తుందని పాపం ఆచారి గారికి తట్టలేదు.

పెళ్ళి నుంచి వచ్చి, ఆయన ఒక వాసం చివర అరచేత్తో నిమిరారు. ఇంకోదాన్ని నిమిరారు. తర్వాత నెమ్మదిగా అరుగు మీద కూర్చుని టీ తెప్పించుకున్నారు. టీ అయ్యాక భుజాలు అదిరేలా నవ్వడం మొదలుపెట్టారు.

"ఏటమ్మా ఇది! అంట్లు తోమినట్టు తోమీసేవు గదా!"

నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆయన లేచి తువ్వాలు దులిపారు. "పద, టీచరమ్మ గారికి సెప్పొద్దాం."

"మీరు చెప్పండి ఆచారి గారూ."

"తోమింది నువ్వు, సెప్పడం నానేటి? నాను పక్కన నిలబడతాను."

చెప్పాను. టీచరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కాలేజీకి ఇంకా పన్నెండు రోజులుంది. కుదురుతుందా, కుదరదా? అది చెప్పమ్మా." ఆచారి గారికేసి చూశాను. ఆయన గోడమీద క్యాలెండరు చూస్తున్నారు. "కుదురుతుందండి" అన్నాను, ఎలాగో తెలియకుండానే.

మొదట టేపుతో కొలిచి కంప్యూటర్లో పట్టిక వేశాను. ఒక్కటీ కలవలేదు. "అది పక్కనెట్టి పైకెక్కమ్మా" అన్నారాయన. పరంజా ఎక్కాను. బెజ్జంలో వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, లోపలి గోడలు తడమాలి. కిందికి దిగి వాసాల చివర్లు తడమాలి. మొదటి రోజంతా కష్టపడితే రెండు దొరికాయి. వాసం బెజ్జంలో టక్కుమని కూర్చున్నప్పుడల్లా ఆచారి గారు కింద నుంచి "ఇంటికొచ్చీసినాడమ్మా!" అని కేక పెట్టేవారు. కూలీలు చప్పట్లు కొట్టేవారు. నాలుగో రోజుకి టీచరు గారు కూడా కుర్చీ వేసుకుని కూర్చుని లెక్క పెట్టసాగారు. ఎక్కడ పెట్టినా కుదరక సతాయించిన ఒక వాసానికి ఆయన 'అల్లుడు' అని పేరు పెట్టారు. కుదిరిన ప్రతిదాని మీదా కొత్త గుర్తు నాచేతే ఉలితో గీయించారు. ఒకసారి ఉలి జారి గీత వంకర పోయింది. సరిచేయబోతే ఆపారు. "ఉండనీ. మళ్ళీ వందేళ్ళకి ఎవుడో ఇప్పుతాడు. ఆడికీ తిట్టుకోడానికి ఒకలు గావాల గదా."

తొమ్మిదో రోజు సాయంత్రం పడమటి చివరన అల్లుడు కూడా కూర్చున్నాడు. ఆ రోజు మేము స్వీట్లు పంచుకున్నాం. మర్నాటి నుంచి పెంకులు పరిచారు. పన్నెండో రోజున ట్రంకు పెట్టెలతో పిల్లలు ఆటోల్లోంచి దిగారు. లోపలికొచ్చి నోళ్ళు తెరుచుకుని పైకి చూశారు. "ఇదంతా ఎవరు కట్టారండి?" అని ఒకమ్మాయి అడిగింది. నేను ఆచారి గారిని చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కట్టినోడు ఎవుడో మాకు తెల్దు పాపా. ఇందులో ఏ వాసం ఎక్కడిదో తెలిసినోలు మాత్రం ఒక్కలే ఉన్నారు. ఈ ఇంజినీరమ్మ. నాకూ తెల్దు."

అందరి ముందూ ఏడ్చేశాను. ఆ మాట నన్ను ఓదార్చడానికి అని ఉంటే ఏడ్చేదాన్ని కాదు. అది నిజం, అందుకే ఏడుపొచ్చింది. పన్నెండు రోజుల పాటు తలదించుకుని తిరిగినదాన్ని, ఆ పూట ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఆచారి గారు పోయి రెండేళ్ళయింది. ఆ హాస్టలు తర్వాత నేను చాలా ఇళ్ళు కట్టాను. వాటి కొలతలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, చూడకుండా ఒక్కటీ చెప్పలేను. టీచరు గారి ఇల్లు అలా కాదు. తూర్పున మూడోది బిగువు, ఏడోదానికి ఎడమ పక్కన ముడి. ఇప్పుడు నన్ను కళ్ళు కట్టి తీసుకెళ్ళినా, చేత్తో తడిమి గుర్తుపట్టగలిగేది నేను పాడుచేసిన ఆ ఒక్క ఇంటినే.