బజరుకి గుడ్డ సుట్టినవాణ్ణి

సహోదరులారా, నాకు నిలబడి మాట్లాడే ఓపిక లేదు, అయినా సెప్తాను, వినండి.

నాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. పదకొండేళ్లు ఫ్యాక్టరీ షెడ్లు కట్టే సోట మ్యాన్ లిఫ్టు నడిపేను. బండి మీద పొడుగాటి ఇనపసెయ్యి, దాని సివర బుట్టుంటాది, అందులో నిలబడి మీటలు తిప్పుకుంటా పైకి పోతాం. బండి ఒరిగితే బజరు మోగుతాది. ఆ మోత పొద్దస్తమానం వినలేక దానికి గుడ్డ సుట్టేసేను. నడుముకి బెల్టుండేది గాని దాని కొక్కెం బుట్టకి తగిలించేవాణ్ణి కాదు, దేవుడే సూసుకుంటాడనేవాణ్ణి, అదే విశ్వాసమనుకున్నాను.

నాతోపాటు రంగులేసేవాడు నా భార్య తమ్ముడు రాజు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్న ఇద్దరం ఎక్కేం.

"బావా, ఇక్కడ కేబులు గొయ్యి కొత్తగా కప్పేరు, నేల మెత్తగున్నాది, అటేపు నించి ఎల్దాం" అన్నాడు.

"ఏటవద్దిరా, పది నిమిషాల పని" అన్నాను.

రేకుల దాకా పోయేక కింద టైరు దిగబడింది. కింద జానెడే దిగింది గాని పైన బుట్ట ఒక్క విసురు విసిరింది, నేను కమ్మీ దాటి బయటికెగిరిపోయేను. రాజు కొక్కెం తగిలించుకున్నాడు గనక బుట్టలోనే ఉండి నా సెయ్యి దొరకబుచ్చుకున్నాడు. ప్రభువా అన్లేదు నేను, ఒరే వదలకు అన్నాను. కిందోళ్లు బుట్ట దించేదాకా వాడు వదల్లేదు. నాకు గీత కూడా పడలేదు, వాడి భుజం కీలు ఊడి నరాలు తెగిపోయేయి.

అడిగినోళ్లకి బజరు మోగలేదని సెప్పేను. బుట్ట దిగగానే గుడ్డ విప్పి జేబులో పెట్టేసుకున్నాను. దేవుడు గొప్ప కార్యం సేసేడని సంఘమంతా అంటే తలూపేను. నా భార్య రాజుకి సొక్కా తొడుగుతుంటే గోడవైపు తిరిగిపోయేవాణ్ణి. అన్నం సయించేది కాదు, కూకుంటే లేవాలనిపించేది కాదు, నెలలు అలాగే పోయేయి.

ఓ మధ్యాహ్నం నా భార్య ఇంట్లో లేనప్పుడు మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నన్నెందుకు బతికించేవు, ఈ అబద్ధంతో బతకలేకపోతన్నాను, నా నోరు తెరువు తండ్రీ" అన్నాను. అంతే ప్రార్థన. లేచి తిన్నగా రాజు దగ్గరికెళ్లేను.

"ఒరే, బజరుకి గుడ్డ సుట్టింది నేనేరా."

"తెలుసు బావా. నువ్వు జేబులో పెట్టుకోడం సూసేను. నువ్వే సెప్తావని సూస్తన్నాను" అన్నాడు.

వాడి మంచం పక్కన కూలబడి ఏడ్సేను. మర్నాడు సైటుకెళ్లి అదే మాట సెప్పేను. పని తీసేసేరు. తీసెయ్యాల్సిందే.

సహోదరులారా, రాజు సెయ్యి ఇప్పటికీ రొమ్ము దాటి పైకి లేవదు. నా అలసటా పూర్తిగా పోలేదు. అయినా వాడి మొహంలోకి సూసి అన్నం తింటన్నాను, ఆ కృప సాలు నాకు. ఎత్తుల మీద పనిసేసే తమ్ముళ్లు ముందు కొక్కెం తగిలించండి, తరవాత ప్రార్థించి ఎక్కండి, దేవుణ్ణి పరీచ్చించకండి. దాసుకున్న మాటతో నలిగిపోతన్నోళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే ప్రభువుతో సెప్పేయండి, ఆయన తోసేసేవాడు కాదు. మహిమంతా ఆయనదే.