చాటలో పదకొండు ఆకులు

నా చిన్నప్పుడు, కోరుట్లలో మా ఇంటి ముందు రేకుల పందిరి కింద, ఒక వేసవి అంతా మధ్యాహ్నాలు ఉండేవాళ్ళు నలుగురు: మా నాయనమ్మ, పక్కింటి అక్క, ఎదురింటి పెద్దమ్మ, పదేళ్ళ నేను. ఉన్న వస్తువులు: మూడు చాటలు, తడి గోనెసంచిలో తునికాకు, కత్తెరలు, దారం, తంబాకు, గ్రంథాలయం నుంచి నేను తెచ్చిన మాయలోకపు కథ ఐదో భాగం. వాళ్ళు బీడీలు చుట్టేవాళ్ళు, నేను గట్టిగా చదివేవాణ్ణి. రోజుకు ముప్ఫై పేజీలు. మొదటి నాలుగు భాగాలూ అలాగే అయిపోయాయి.

ఐదోదే చివరి భాగం. దాని ఆఖరి పేజీలో రాకుమారి పొగమంచు కొండ ఎక్కి కోట తలుపు తోస్తుంది. అక్కడితో సమాప్తం.

"తలుపు దీసి ఏం జేసిందిరా?" అంది పెద్దమ్మ.

ఏమీ లేదు, అయిపోయిందన్నాను.

"గిదేం పుస్తకంరా! ఇగ రేపటి సంది నేను మా ఇంట్ల టీవీ ముంగట కూసొని చుట్టుకుంట."

అక్క కూడా తలూపింది. అన్ని రోజులుగా ముగ్గురు పెద్దవాళ్ళు నా నోటి వంకే చూస్తూ కూర్చున్నారు. పందిరి ఖాళీ అయితే నేను మళ్ళీ కిరాణా కొట్టుకు పంపించే పిల్లవాణ్ణే. ఆరో భాగం ఉంది, రేపు తెస్తానని అనేశాను.

మర్నాడు పొద్దున గ్రంథాలయంలో కూర్చుని లెక్కల నోటుపుస్తకంలో ఆరో భాగం మొదలుపెట్టాను. చెయ్యి అందుకోలేనంత వేగంగా కథ వచ్చింది. రెండు తలల పాములు, ఎగిరే పడవ, గోడల్లోంచి నడిచే కాపలావాళ్ళు. పద్నాలుగు పేజీలు. నోటుపుస్తకాన్ని ఐదో భాగం మధ్యలో దాచి, అదే ఆరో భాగమని చెప్పి మధ్యాహ్నం చదివాను. పడవ కొండకు గుద్దుకోబోయే చోట ఆపేసరికి అక్క చేతిలోని దారపు ఉండ జారి దొర్లిపోయింది, ఆమె తీసుకోలేదు. అంత ఆనందం నేను అంతకు ముందు ఎరగను.

అప్పుడు నాయనమ్మ అడిగింది. "ఆ కుంటిగుర్రం ఏమాయెరా? మూడో పుస్తకంల వాగు కాడ కట్టేసి పోయిన్రు గదా. దానికి గడ్డి ఎవలేసిన్రు?"

నాకు గుర్రం గుర్తే లేదు. ఏడో భాగంలో వస్తుందన్నాను. ఆమె కత్తిరించిన ఆకు ఒకటి తీసి చాట అంచున పక్కన పెట్టింది. రాకుమారి తమ్ముడికి మాట తిరిగి వచ్చిందా అని అక్క అడిగింది. ఇంకో ఆకు. పడవవాడి తల్లికి ఇచ్చిన మాట ఏమైందని పెద్దమ్మ. ఇంకో ఆకు. అలా తేలని ప్రశ్నకొక ఆకు చొప్పున పదకొండు.

సాయంత్రం నాయనమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. "నాకు చదువు రాదు గని కండ్లున్నయ్. ఇన్ని దినాలు కాయిదాలు తిప్పుకుంట చదివినవ్. ఇయ్యాల ఒక్కటన్న తిప్పినవా?"

నిజమే. అంతా నోటికి వచ్చేసింది కాబట్టి తిప్పడం మరిచిపోయాను. ఏడుపు వచ్చింది. ఆమె తిట్టలేదు. ఆ పదకొండు ఆకుల్ని తడిగుడ్డలో చుట్టి పెట్టింది. "నువ్వు రాసుడు తప్పు గాదు. గని జీవాలను ఆడాడ ఇడిసిపెట్టి ముంగటికి ఉరుకుడు తప్పు. రోజొకటి తేల్చు. తేల్చిన ఆకు నేను చుట్టేస్త. జల్ది రాయి, ఆకు ఎండితే ఇరుగుతది."

మర్నాడు నేనే నోటుపుస్తకం బయటికి తీసి, రాసింది నేనని అందరికీ చెప్పాను.

"నాకు నిన్ననే తెల్సు," అంది పెద్దమ్మ. "మాయకోటల రాకుమారి మన బస్టాండ్ కాడి మిర్చి బజ్జీలు తింటదారా?"

ముగ్గురూ నవ్వారు. నేను లేచి పోబోయాను. పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "యాడికి వోతున్నవ్? పడవ కొండకు గుద్దెనా లేదా, గది చెప్పు ముందుగాల."

ఆ రోజు నుంచి నేను జాబితా పెట్టుకుని రాశాను. తమ్ముడికి మాట వచ్చింది, పడవవాడి తల్లి కొడుకును చూసింది. ఒక్కో కథ తేలగానే నాయనమ్మ ఒక్కో ఆకు విప్పి, తంబాకు పెట్టి, చుట్టి, దారం కట్టేది. పది రోజులకు గుర్రం ఒక్కటే మిగిలింది. తాడు చివికిపోయి తెగింది, గుర్రం తన దారిన తాను పోయిందని సులువుగా రాశాను.

నాయనమ్మ ఆకు ముట్టలేదు. "కట్టింది ఆ పిల్ల. అదే అచ్చి ఇప్పాలె."

రాకుమారి కోట వదిలి, కొండ దిగి, మూడు పుస్తకాల దూరం వెనక్కి నడిచి వాగు దగ్గరకు రావాలి. అది రాయడానికి నాకు ఇరవై రెండు పేజీలు పట్టింది. ఆమె ముడి విప్పే చోట ముగ్గురి చేతులూ ఆగాయి. గుర్రం తల ఎత్తి చూసింది. "హమ్మయ్య," అంది అక్క.

ఇప్పుడు నేను ఇంజినీరును. ఆ అక్క పిల్లలు తమకు నచ్చిన కథలకు తర్వాతి భాగాలు రాసి నాకు ఫోన్‌లో పంపుతుంటారు. బాగుందని చెప్పేముందు నేను అడిగేది ఒకటే: ఎవరినైనా ఎక్కడైనా కట్టేసి వచ్చారా? నా పనిలో కూడా ఏదైనా పూర్తయిందని సంతకం పెట్టేముందు నన్ను నేను అదే అడుగుతాను.

ఆ వేసవి లెక్క: ఆకులు పదకొండు, బీడీలు పదకొండు, మిగిలినవి సున్నా.