ఎంగిలి గొట్టం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. కువైట్‌లో ముప్పై ఏళ్ళు ఏసీ డక్టుల పని చేశాను. చేసిన ప్రతి పనినీ డైరీలో మూడు గళ్ళలో రాశాను: ఫిర్యాదు, కారణం, మరమ్మతు. కిందటేడు అక్కడి మిష్రిఫ్ పేటలోని ఒక ఇంటి సంగతి తప్ప, కారణం రాయని ఫిర్యాదు ఒక్కటీ లేదు.

ఆ ఇంటాయన నా పాత కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని. విదేశంలో ఏదో పాత సినిమా హాలు కూలగొడుతుంటే, అందులోని పైప్ ఆర్గాన్ తుక్కు కాకూడదని కొని ఇంటికి తెప్పించాడు. మూకీ సినిమాల కాలం నాటి వాయిద్యం అది. బ్లోయర్ గాలి తోస్తే వందల గొట్టాలు మోగుతాయి. గాలితో పని కాబట్టి, రిటైరైనా నన్నే పిలిచాడు. గొట్టాలకు నంబర్లు వేసి హాల్లో నిలబెట్టించాను. బ్లోయర్‌ను ఇంకా పెట్టెలోంచి తీయలేదు.

మూడో రోజుకే ఇల్లంతా కంపు. పాచినోటి కంపు. 

పనివాళ్ళు ‘మామా’ అని పిలిచే ఇంటావిడ తిట్లు మాత్రం పనిమనిషి గంగమ్మకు పడ్డాయి. రాయచోటి మనిషి, వచ్చి ఏడాది కాలేదు.

“సరిగ్గా తుడవలేదని మామా నన్నే అంటాందన్నా. గురువారం లోపల కంపు పోకుంటే ఊరికి పంపిచ్చాదంట. నేనేమన్నా ఎలకల్ని సాకుతాండానా?”

“గాలితిత్తుల తోలు కుళ్ళి ఉంటుందిలేమ్మా. చూస్తా” అన్నాను.

తోలు తిత్తులు విప్పాను. పావురాల రెట్ట, ఎండిన బొద్దింకలు, బూజు. అన్నీ కడిగించాను. కంపు తగ్గలేదు.

గురువారం మధ్యాహ్నం ఒక్కో గొట్టం దగ్గరా ముక్కు పెట్టి చూశాను. నలభై ఒకటో నంబరు దగ్గర వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది. ఏసీ ఆపించాను, తలుపులు మూయించాను. అయినా ఆగి ఆగి వస్తూనే ఉంది. లోపలికి టార్చి వేస్తే అవతలి కొస దాకా ఖాళీ.

గంగమ్మ వంగి చూసి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “ఇది ఎలక కంపు కాదన్నా. ఎంగిలి కంపు.”

పొడిగుడ్డ కుక్కి, రెండు కొసలకూ టేపు చుట్టాను.

గంట తర్వాత మామా వచ్చింది. టేపు చూసి, “ఏం దాచావు ఇందులో?” అని అరబ్బీలో గంగమ్మ మీద విరుచుకుపడింది. నేనే టేపు చింపి గుడ్డ లాగాను.

గుడ్డ తడిసి ఉంది. నీళ్ళతో కాదు, జొల్లుతో. నా వేళ్ళకు తీగలు సాగింది. నడిమి భాగం నమిలినట్టు పీలికలైంది. వెంటనే ఆ వెచ్చటి గాలి మామా ముఖాన కొట్టింది. ఆమె బాత్రూంలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

బయటికి వచ్చి “ఖలాస్” అని ఒకే మాట అంది. సాయంత్రానికల్లా ఆర్గాన్ మొత్తం బయటి షెడ్డులోకి పోయింది. ఇంట్లో కంపు పోయింది. గంగమ్మ ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది.

ఆ రోజు డైరీలో ఫిర్యాదు, మరమ్మతు రాశాను. కారణం గడి ఇంకా ఖాళీగానే ఉంది. అంతకు ముందు వేలు నాలుకకు అద్దుకుని పేజీలు తిప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పని చేయలేను.